పాట కావాలి, పేరు వద్దా?

అమెరికాలో పెళ్లి జరిగినా, కాలేజీ పిల్లల ఆటల పోటీ ముగిసినా, ఎన్నికల్లో ఎవరో ఒకరు గెలిచినా ఒక పాట మోగుతుంది. దాని పేరు 'సెలబ్రేషన్'. కూల్ అండ్ ద గ్యాంగ్ అనే నల్లవాళ్ల బృందం 1980లో విడుదల చేసిన పాట అది. ఇంగ్లీషు పాటలు వినే మన పిల్లలు కూడా రెండు దరువులు వినగానే గుర్తుపడతారు. కానీ ఆ పాట పుట్టించినవాడు ముసల్మాన్ అని ఎంతమందికి తెలుసు? అతని పేరు ఖాలిస్ బయ్యాన్. ఖురాన్ చదువుతుండగా ఆ పాట ఊహ తట్టిందని అతనే చెప్పుకున్నాడు. అల్లా ఆదంని సృష్టించే ఘట్టంలో ఫరిష్తాలు దైవాన్ని కీర్తిస్తూ ఉంటారు. అది చదువుతుంటే తనకు ఆ స్వరాలు దొరికాయన్నాడు.

ఈ సంగతి తెలిసిన రోజు నాకు సంతోషం ఒక్కటే కలగలేదు. లోపల ఏదో గుచ్చుకుంది. బాంబు పేలిన ప్రతిచోటా చేసినవాడి మతం మొదటి వాక్యంలోనే వస్తుంది. లోకమంతా ఎగిరి గంతేసే పాట రాసినవాడి మతం మాత్రం నలభై ఏళ్ల తర్వాత, అదీ వెతికితే గాని, దొరకదు. ఎందుకని?

ఈ పాటకు టోపీ పెట్టడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. పాట అందరిదీ. అందరిది కావడానికి అది ఏం వదులుకోవాల్సి వచ్చిందన్నదే నా ప్రశ్న.

పేర్ల దగ్గర మొదలుపెడతాను. రాబర్ట్ బెల్ 1950లో, అతని తమ్ముడు రోనాల్డ్ బెల్ 1951లో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో పుట్టారు. తండ్రి బాక్సర్. థెలోనియస్ మంక్, మైల్స్ డేవిస్ వంటి జాజ్ ఉద్దండులతో ఆయనకు స్నేహం. ఆ కుటుంబం తర్వాత న్యూజెర్సీలోని జెర్సీ సిటీకి చేరింది. 1964లో అక్కడి కుర్రాళ్లు కలిసి 'జాజియాక్స్' అని జట్టు కట్టారు. రాబర్ట్ బేస్ గిటారు, రోనాల్డ్ టెనర్ శాక్సఫోన్, డెనిస్ థామస్ ఆల్టో శాక్సఫోన్, రాబర్ట్ మికెన్స్ ట్రంపెట్, చార్లెస్ స్మిత్ గిటారు, జార్జ్ బ్రౌన్ డ్రమ్స్, రికీ వెస్ట్‌ఫీల్డ్ కీబోర్డు. తర్వాత 'సోల్ టౌన్ బ్యాండ్' అన్నారు, 'కూల్ అండ్ ద ఫ్లేమ్స్' అన్నారు. జేమ్స్ బ్రౌన్ వెనక పాడేవాళ్లను అప్పటికే 'ఫ్లేమ్స్' అంటున్నారు కాబట్టి గొడవ లేకుండా 'గ్యాంగ్' అని మార్చుకున్నారు. 1969లో మొదటి రికార్డు వచ్చింది.

1972లో రోనాల్డ్ ఇస్లాంలోకి వచ్చాడు. అన్న కూడా అదే దారి పట్టాడు. రోనాల్డ్ ఖాలిస్ బయ్యాన్ అయ్యాడు, రాబర్ట్ ముహమ్మద్ బయ్యాన్ అయ్యాడు. వాళ్లు వచ్చింది నేషన్ ఆఫ్ ఇస్లాం దారిన. ఆ సంస్థ 1930లో డెట్రాయిట్‌లో పుట్టింది. నల్లవాళ్ల ఇంటిపేర్లు తెల్ల యజమానులు వాతపెట్టినట్టు అంటించిన ముద్రలని అది బోధించింది. మాల్కం తన ఇంటిపేరు తీసేసి అక్కడ ఎక్స్ పెట్టుకున్నది అందుకే. దాని బోధల్లో మన నమ్మకానికి ఆమడ దూరంలో ఉన్నవీ ఉన్నాయి. 1975లో ఎలైజా ముహమ్మద్ చనిపోయాక కొడుకు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ జనాన్ని మిగతా ప్రపంచ ముసల్మానుల వరసలోకి, ఒకే సఫ్‌లోకి తీసుకొచ్చాడు. బయ్యాన్ సోదరులు నడిచింది ఆయన వెంటే.

ఖాలిస్ అన్న మాట మనకు కొత్తదా? ఖాలిస్ పాలు, ఖాలిస్ నెయ్యి అంటాం. కల్తీ లేనిది అని. బయ్యాన్ అంటే మన చెవికి బయాన్ వినిపిస్తుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పిన వాఙ్మూలం. కల్తీ లేని వాఙ్మూలం! పేరు పెట్టుకోవడమంటే అలా పెట్టుకోవాలి. చదువుకునే రోజుల్లో మా తరగతిలో ముగ్గురం ముసల్మానుల పిల్లలం. పలకడం కష్టమని మాస్టారు ముగ్గుర్నీ 'బాషా' అనేవారు. ఎవర్ని పిలిచినా ముగ్గురం లేచేవాళ్లం. తరగతి నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం. అది నవ్వే విషయం కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. కాసియస్ క్లే 1964లోనే ముహమ్మద్ అలీ అని ప్రకటించుకున్నా పెద్ద పత్రికలు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. ఎదుటివాడు పెట్టుకున్న పేరును పలకకపోవడం నోరు తిరగకపోవడం కాదు, అదొక అధికారం.

ఇక వాళ్ల సంగీతం. కూల్ అండ్ ద గ్యాంగ్‌ని 'సెలబ్రేషన్'తో మొదలుపెట్టి వినేవాళ్లు సగం బృందాన్నే వింటారు. మొదటి పదేళ్లు వీళ్లు ప్రధానంగా వాయిద్యగాళ్లు. జాజ్ వింటూ పెరిగిన కుర్రాళ్లు ఫంక్‌లోకి వచ్చారు. ఫంక్‌లో రాగం కంటే దరువు ముందు. ఆవర్తం మొదటి దెబ్బ మీద బరువంతా వేసి, మిగతా దెబ్బల మధ్య ఖాళీలతో ఆడుకుంటారు. బేస్ గిటారు నేల, డ్రమ్స్ నడక, బాకాలు అరుపు. ఒక్కరు ముందు నిలబడి పాడటం, మిగతావాళ్లు వెనక వాయించడం కాదు. జట్టంతా ఒకే ఒళ్లు. 1973 నాటి 'వైల్డ్ అండ్ పీస్‌ఫుల్' ఆల్బం ఆ పద్ధతికి నిండైన ఉదాహరణ. 'ఫంకీ స్టఫ్', 'జంగిల్ బూగీ', 'హాలీవుడ్ స్వింగింగ్' మూడూ అందులోవే. 'జంగిల్ బూగీ' 1974లో బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది. అందులో గొంతు చించుకున్నది పేరున్న గాయకుడు కాదు, వాళ్ల వెంట సామాన్లు మోసే డాన్ బాయిస్.

'జంగిల్' అన్న మాట చూడండి. నల్లవాణ్ణి అడవి మనిషి అని తిట్టిన దేశంలో ఆ తిట్టునే తీసుకుని బాకాకి తగిలించి ఊదారు. ఈ పని మనకు తెలిసిందే. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పుడు చేసింది ఇదే. మీద పడ్డ ముద్రను దాచుకోకుండా లోకం ముందు నిలబెట్టి చూపించాడు. అవమానాన్ని తుడుచుకోవడం ఒక పద్ధతి, దాన్ని గట్టిగా మోగించడం ఇంకో పద్ధతి. రెండోదానికి గుండె కావాలి.

1974లో 'లైట్ ఆఫ్ వరల్డ్స్' వచ్చింది. లోకాల వెలుగు. రబ్బిల్ ఆలమీన్ అని రోజుకు ఎన్నోసార్లు అనుకునే మనకు ఆ పేరు వేరేగా వినిపిస్తుంది. అందులోని 'సమ్మర్ మ్యాడ్‌నెస్'లో మాటల్లేవు. ఎండాకాలం సాయంత్రం గాలి లేక అరుగు మీద కూర్చున్నప్పటి బద్ధకం, దాని చివర మెల్లగా పైకి, ఇంకా పైకి పాకే ఒక సింథసైజర్ స్వరం. నా లెక్కలో ఈ బృందం చేసిన పనుల్లో ఇదే ఉత్తమం. 1991లో డీజే జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ జంట 'సమ్మర్‌టైమ్' అనే పాటను దీని మీదే కట్టారు. ర్యాప్ కుర్రాళ్లు వీళ్ల పాత రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు ఇన్నీ అన్నీ కావు. ముక్కలు తీసుకున్న తరం కూడా వాటి అసలు యజమాని పేరు పూర్తిగా పలికిందా అన్నది వేరే కథ.

1976కి వచ్చేసరికి గాలి మారింది. నాట్యశాలల నిండా డిస్కో. ఈ బాకాల జట్టు వెనకబడింది. ఆ ఏడాది చేసిన 'ఓపెన్ సెసేమ్' పాటను 1977లో 'సాటర్‌డే నైట్ ఫీవర్' సినిమా రికార్డులో చేర్చారు, అది లక్షల ఇళ్లకు చేరింది. నాకు గిట్టని పాట ఇది. అలీబాబా, గుహ, జిన్ను, అరేబియా మత్తు. నాలుగేళ్ల కిందట కలిమా చదివినవాళ్లు తమ విశ్వాసం తాలూకు భూగోళాన్ని తెల్లవాడి అరేబియన్ నైట్స్ బొమ్మగా అమ్మారు. వాళ్లని నిందించడం తేలికే. కానీ మన దగ్గర ఏమవుతోంది? సినిమాలో ముసల్మాను కనిపించాలంటే అత్తరు, ఖవ్వాలి, బిర్యానీ ఉండాలి, లేదా తుపాకి ఉండాలి. అంగడి మనకోసం ముందే కుట్టిపెట్టిన షేర్వాణీ అది. కొన్నిసార్లు ఆకలికి మనమే తొడుక్కుంటాం. ఈ మాట ఒప్పుకున్నాకే ఇంకొకర్ని విమర్శించాలి.

1979లో రెండు మార్పులు జరిగాయి. జేమ్స్ జె.టి. టేలర్ అనే నున్నని గొంతున్న గాయకుడు చేరాడు. బ్రెజిల్ సంగీతకారుడు యూమిర్ దియోదాతో నిర్మాణం చేపట్టాడు. ఆ జోడింపుతో వచ్చిన 'లేడీస్ నైట్' 8వ స్థానానికి, 'టూ హాట్' 5వ స్థానానికి వెళ్లాయి. బాకాలు వెనక్కి తగ్గాయి, గొంతు ముందుకొచ్చింది. పాత అభిమానులు ఫంక్‌ని అమ్ముకున్నారన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. జట్టంతా ఒకే ఒళ్లుగా ఉన్నది పోయి ఒక ముఖం, దాని వెనక నీడలు మిగిలాయి. 'లేడీస్ నైట్' మీద నా తగువు ఇంకోటి కూడా ఉంది. క్లబ్బుల్లో ఆడవాళ్లకు ప్రత్యేకమైన రాత్రి పెట్టేది ఆడవాళ్ల మీద ప్రేమతో కాదు. వాళ్లొస్తే మగవాళ్లు డబ్బుపెట్టి వస్తారని. ఆ వ్యాపారాన్ని పండగ అని పాడారు. ఇంట్లో ఆడవాళ్లను గడప దాటనివ్వని పెద్దమనుషులు, గడప బయట వాళ్లను సరుకు చేసే వ్యాపారులు ఒకరికొకరు శత్రువుల్లా కనపడతారు గాని, ఆడమనిషి మాట వినకపోవడంలో ఇద్దరూ ఒకటే.

ఆ తర్వాతది 'సెలబ్రేషన్'. 1981 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. అన్ని దశాబ్దాల్లో వాళ్లకు అక్కడ దొరికిన మొదటి స్థానం అదొక్కటే.

ఖాలిస్ ఏ ఘట్టం చదివాడో ఒకసారి మనమూ చదువుదాం. సూరా బఖరాలో ఉంది. భూమ్మీద నా ప్రతినిధిని నిలబెడుతున్నానని అల్లా అంటాడు. ఫరిష్తాలు సందేహపడతారు. నెత్తురు పారించేవాణ్ణా? మేం నిన్ను కీర్తిస్తూనే ఉన్నాం కదా అంటారు. అక్కడ వాళ్లు చెప్పేది తస్బీహ్ గురించి. యూసుఫ్ అలీ ఇంగ్లీషు అనువాదంలో దానికి వాడిన క్రియ, ఈ పాట పేరు, రెండూ ఒకే మాట. తర్వాత అల్లా ఆదంకి పేర్లు నేర్పుతాడు. అన్నిటి పేర్లూ. ఫరిష్తాలకు తెలియని పేర్లు మట్టిమనిషికి తెలుస్తాయి. అప్పుడు అందరూ ఆదం ముందు వంగుతారు. ఒక్క ఇబ్లీస్ వంగడు. ఎందుకు వంగవంటే, నేను నిప్పుతో పుట్టాను, వీడు మట్టితో పుట్టాడు, నేనే గొప్ప అంటాడు. ఈ జవాబు ఖురాన్‌లో వేరే సూరాల్లో ఉంది.

పుట్టుకను బట్టి గొప్ప అన్న మొదటి గొంతు ఇబ్లీస్‌ది. అమెరికా తోటల్లో కొరడా పట్టినవాడిదీ, ఊరి బయట వాడలు కట్టించినవాడిదీ అదే గొంతు. మనలోనూ అష్రాఫ్‌లమని చెప్పుకుని దూదేకులవాళ్లను, ఫకీర్లను పక్కన కూర్చోనివ్వనివాడిదీ అదే. బానిసల మనవడొకడు ఈ ఘట్టం చదివితే అతనికేం వినపడి ఉంటుంది? మట్టితో పుట్టినవాడికి, అందరూ చిన్నచూపు చూసినవాడికి, ఆకాశమంతా వంగింది. పేర్లు తెలిసినందుకు వంగింది. పేరు పోగొట్టుకున్న జాతికి ఇంతకంటే పెద్ద పండగ ఏముంటుంది? అందుకే ఆ పాటను పెళ్లి పాటగా కొట్టిపారేయలేను. తేలికైన మాటలు, తేలికైన దరువు. వాటి అడుగున ఉన్నది తేలికైనది కాదు.

కానీ పాటలో ఆదం లేడు, ఫరిష్తాలు లేరు, అల్లా పేరు లేదు. అందరూ రండి, సంతోషించండి అన్న పిలుపు మాత్రమే మిగిలింది. ఇది ఔదార్యమా, భయమా? రెండూ కావచ్చు. నమ్మకాన్ని నినాదం చేయకుండా ఉప్పులా కలిపేయడం సూఫీలకు తెలిసిన పద్ధతే. ఉప్పు కనపడదు, రుచి తెలుస్తుంది. అయితే ఉప్పు ఎవరు వేశారో చెప్పకుండా ఉండటం వంటవాడి వినయమైతే సరే. చెబితే తినడం మానేస్తారన్న బెంగైతే అది వేరే సంగతి.

ఆ బెంగకు కారణం ఆ సంవత్సరంలోనే కనిపిస్తుంది. టెహరాన్‌లో 52 మంది అమెరికన్లను 444 రోజులు బందీలుగా ఉంచి 1981 జనవరి 20న వదిలారు. ఆ రోజుల్లో అమెరికాలో ముసల్మాను అంటే గడ్డం, పిడికిలి, తగలబడుతున్న జెండా. బందీలు తిరిగొచ్చినప్పుడు దేశం సంబరపడింది. ఆ సంబరాల్లో మోగిన పాట 'సెలబ్రేషన్'! ఖురాన్ చదువుతూ ఒక ముసల్మాను కట్టిన పాటతో ఒక దేశం 'ముసల్మానుల చెర' నుంచి విడుదలను జరుపుకుంది. చిడతలు వాయించినవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. బందీలు ఇల్లు చేరడం ఎవరికైనా సంతోషమే, నాకూ సంతోషమే. కానీ ఆ పూట రికార్డు అట్ట మీద పేరు ఖాలిస్ బయ్యాన్ అని పెద్దక్షరాల్లో ఉండుంటే? అదే పాట మోగేదా?

1984 నవంబరులో ఇథియోపియా కరువు కోసం లండన్‌లో 'బ్యాండ్ ఎయిడ్' పాట రికార్డు చేసినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. బ్రిటన్, ఐర్లండ్ గాయకుల మధ్య ఉన్న కొద్దిమంది అమెరికన్లలో రాబర్ట్ బెల్, డెనిస్ థామస్, జె.టి. టేలర్ ఉన్నారు. ఆకలిగొన్న ఆ జనానికి క్రిస్మస్ అని తెలుసా అని అడిగే పాట అది. ఇథియోపియా లోకంలోని అతి పాత క్రైస్తవ దేశాల్లో ఒకటి. అక్కడ ముసల్మానులూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. మక్కాలో హింస భరించలేక తొలి ముసల్మానులు పారిపోయింది ఆ హబ్షా దేశానికే. ఒక క్రైస్తవ రాజు వాళ్లకు నీడనిచ్చాడు. తొలి అజాన్ ఇచ్చిన బిలాల్ హబ్షీ మూలం ఉన్నవాడు, బానిసత్వం నుంచి విడుదలైనవాడు. ఇంత చరిత్ర ఉన్న నేలను ఏమీ తెలియని ఆకలి ముఖంగా చూపించిన పాటలో ముహమ్మద్ బయ్యాన్ గొంతు కలిపాడు. సాయం చేయాలన్న మనసును నేను తప్పుపట్టను. ఆ పాటలో అతని గొంతుకు మాత్రమే చోటు దొరికింది, అతని జ్ఞాపకానికి దొరకలేదు.

ఇక మనవాళ్ల మాట. సంగీతం హరామని, డిస్కో పాట రాసినవాడు ముసల్మానే కాదని అనేవాళ్లున్నారు. వాళ్లతో వాదన నాకు చేతకాదు. ఇస్లాం మొదటి బహిరంగ పిలుపుకు ప్రవక్త ఎంచుకున్నది బిలాల్ గొంతును అని మాత్రం గుర్తుచేస్తాను. అమెరికాలో ఇస్లాం నిలబడింది మసీదుల వల్ల ఎంతో, యూసఫ్ లతీఫ్, అహ్మద్ జమాల్ లాంటి వాద్యకారుల వల్ల కూడా అంత. అంతకంటే ముందు, 1831లోనే, బానిసగా ఉన్న ఒమర్ ఇబ్న్ సయ్యద్ తన జీవితకథను అరబ్బీలో రాసుకున్నాడు. యజమాని పేరు మార్చగలిగాడు, చేతిరాత మార్చలేకపోయాడు.

మన నేల మీద? హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకునే పిల్లలున్నారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని హబ్షీ సిపాయిల పేట. మన పెళ్లి బారాతుల్లో మోగే మర్ఫా వాళ్ల నుంచీ, అరబ్బు సిపాయిల నుంచీ వచ్చిందే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించాడు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఊపిరి గర్భగుడి దాకా వెళ్లింది. ఆయన పేరున్న కుర్రాడు ఈరోజు పట్నంలో గది అద్దెకడిగితే తలుపు ఎంతవరకు తెరుచుకుంటుంది? నాదస్వరం కావాలి, మర్ఫా కావాలి, బిర్యానీ కావాలి. ఆ చేతులున్న మనిషి మాత్రం నాలుగిళ్ల అవతల ఉండాలి.

ఖాలిస్ బయ్యాన్ 2020 సెప్టెంబరు 9న, 68 ఏళ్లకు చనిపోయాడు. పత్రికలు రోనాల్డ్ ఖాలిస్ బెల్ అని రాశాయి. తను ఎంచుకున్న పేరు మధ్యలో ఇరుక్కుంది, రెండు వైపులా పాత పేరే కాపలా కాసింది. 2021లో అమెరికా జాతీయ గ్రంథాలయం 'సెలబ్రేషన్'ను కలకాలం భద్రపరచవలసిన రికార్డుల్లో చేర్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు 2024లో గాని ఈ బృందాన్ని లోపలికి రానివ్వలేదు. మొదటి రికార్డు వచ్చి 25 ఏళ్లయితే అర్హత. వీళ్లను 50 ఏళ్లు దాటేదాకా గుమ్మంలో నిలబెట్టారు. జెర్సీ సిటీ వీధిలో మొదట జట్టుకట్టిన ఏడుగురిలో వెస్ట్‌ఫీల్డ్ 1985లో, స్మిత్ 2006లో, మికెన్స్ 2010లో, రోనాల్డ్ 2020లో, థామస్ 2021లో, బ్రౌన్ 2023లో పోయారు. గౌరవం వచ్చేసరికి అందుకోడానికి ఆ ఏడుగురిలో రాబర్ట్ ఒక్కడే మిగిలాడు.

ఇప్పుడు మళ్లీ ఆ పాట వింటాను. ఇదివరకు విన్నట్టు వినలేను. దరువు కింద నాకు తస్బీహ్ వినపడుతుంది. నీకూ వినపడాలని నేను పట్టుబట్టను. నువ్వు గంతెయ్యి, నీ పెళ్లికి వేసుకో, నీ గెలుపుకు వేసుకో. ఆ పిలుపు అందరికీ అని అతనే అన్నాడు. కానీ ఆదంకి అల్లా మొదట నేర్పింది పాట కాదు, పేర్లు. పాట అయిపోయాక ఒక్కసారి ఆ మనిషి పేరు పూర్తిగా పలుకు. ఖాలిస్ బయ్యాన్. నోరు తిరగకపోతే ఇంకోసారి ప్రయత్నించు.